జ్వరం ఇంజనుకా, ముల్లుకా?

పిల్లవాడికి ఒళ్ళు కాలుతోందంటే ఇంట్లో ఆడవాళ్ళు ముందుగా చేసే పని నుదుటిమీద చెయ్యి పెట్టి చూడటం. ఆ తర్వాతే థర్మామీటరు. ఆ థర్మామీటరు నూట ఆరు చూపిస్తూ వుండగా పిల్లవాడు పెరట్లో గోలీలాడుకుంటున్నాడనుకోండి. ఏ తల్లీ డాక్టరుకోసం పరుగెత్తదు. థర్మామీటరును విదిలించి మళ్ళీ పెడుతుంది. అలాగే అది తొంభై ఎనిమిది దగ్గరే ఆగిపోయి, పిల్లవాడు మూసిన కన్ను తెరవకుండా పడివుంటే, "జ్వరం లేదులే" అని వూరుకోదు కూడా. సాధనాన్ని ఒక కంటా, మనిషిని ఒక కంటా చూడటం ఆవిడకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

కారు దగ్గరికి వచ్చేసరికి ఈ లోకజ్ఞానం చాలామందికి అక్కరకు రాదు. స్టీరింగు వెనక వుండే ఆ హీటు మీటరులో ముల్లు 'సి' నుంచి 'హెచ్' వైపుకు జరిగిందంటే చాలు, కొందరు ఇంజను పేలిపోతున్నట్టే బెంబేలెత్తుతారు. మరికొందరు, "దాని మొహం, అదెప్పుడూ అంతేనండీ" అని యాక్సిలరేటరు ఇంకాస్త గట్టిగా తొక్కుతారు. మొదటివారు అవసరం లేకుండానే ఇంజను విప్పించుకుంటారు. రెండోవారు అవసరం పడేదాకా తెచ్చి విప్పించుకుంటారు. చివరికి ఇద్దరి డబ్బూ ఒకే షెడ్డుకు చేరుతుంది.

ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం మా పాలమూరు ఎండలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. తర్వాత మూడూ మూడు జిల్లాలై విడిపోయాయిగాని, ఎండ దగ్గర మాత్రం పంపకాలు జరగలేదు. ఎవరి వాటా వారికి నిండుగానే వుంది. వేసవిలో ఈ మూడు వూళ్ళమధ్యా పాత కారు నడిపేవాడి కన్ను రోడ్డుమీద ఎంతసేపు వుంటుందో, ఆ ముల్లుమీద కూడా ఇంచుమించు అంతసేపూ వుంటుంది. ముప్పయ్యేళ్ళకు పైగా నేనూ ఆ ముల్లును చూస్తూనే వున్నాను. అది నిజం చెప్పే వేళేదో, అబద్ధం చెప్పే వేళేదో కనిపెట్టడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదనీ, కాస్త ఓపిక వుంటే చాలుననీ నా అనుభవం.

ముల్లు వెనక ఏముంది?

పెట్రోలు మండితే పుట్టే వేడిలో చక్రాలను తిప్పడానికి ఉపయోగపడేది సుమారు మూడోవంతు మాత్రమే. మరో మూడోవంతు సైలెన్సరు గొట్టంలోంచి గాలిలో కలిసిపోతుంది. మిగిలిన వేడిలో చాలా భాగాన్ని బయటికి మోసుకుపోవలసిన బరువు నీళ్ళమీద పడుతుంది. ఆ నీళ్ళు ఇంజను ఒంట్లో తిరిగి, వేడెక్కి, ముందున్న రేడియేటరులోకి వచ్చి, సన్నని గొట్టాల్లో గాలికి చల్లారి, మళ్ళీ లోపలికి పోతాయి. వాటర్ పంపు వాటిని తోస్తుంది. ఫ్యాను గాలి విసురుతుంది.

అయితే పొద్దున్నే చల్లగా వున్న ఇంజనుకు ఈ సేవలన్నీ అక్కర్లేదు. ముందు అది కాస్త వేడెక్కాలి. అందుకని దారిలో ఒక చిన్న తలుపు పెట్టారు. దాన్ని థర్మోస్టాటు అంటారు. దానిలో ఒకరకం మైనం వుంటుంది. నీళ్ళు సుమారు 82 డిగ్రీలకో, కొన్ని బండ్లలో 88కో రాగానే ఆ మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. చల్లబడితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఎవరూ తెరవక్కర్లేదు, ఎవరూ మూయక్కర్లేదు.

ఇదేదో వింత అనుకునేవారు వనపర్తి వైపు వెళ్ళినప్పుడు సరళాసాగర్ చూసి రావచ్చు. వనపర్తి సంస్థానం వారు కట్టించిన ఆ జలాశయం పని 1949లో మొదలై 1959లో పూర్తయింది. దానిలోని సైఫన్లకు గేట్లు ఎత్తే మనిషి లేడు. నీరు నిండు మట్టానికి రాగానే వాటంతటవే లాగి బయటికి వదులుతాయి. మట్టం తగ్గగానే ఆగిపోతాయి. అక్కడ నీటి మట్టం చేసే పని, మన ఇంజనులో నీటి వేడి చేస్తుందన్నమాట. ఇంకో సంగతి కూడా ఆ చెరువే చెబుతుంది. 2019 డిసెంబరు 31న దాని కట్టకు గండిపడి నీరంతా పోయింది. ఎంత తెలివైన తలుపులున్నా కట్ట నిలబడకపోతే నీరు నిలవదు. కారులో ఆ కట్ట పాత్ర రబ్బరు హోసులదీ, రేడియేటరుదీ.

మోటారు కార్లు వచ్చిన తొలి రోజుల్లో ఈ వేడిని చూడటానికి లోపల మీటరేమీ వుండేది కాదు. 1910ల్లో బాయిస్ మోటోమీటరు అని ఒకటి వచ్చింది. రేడియేటరు మూతమీదే బిగించిన థర్మామీటరు అది. డ్రైవరు ముందు అద్దంలోంచి దాన్ని చూసుకుంటూ నడిపేవాడు. తర్వాత డ్యాష్‌బోర్డుమీదికి మీటరు వచ్చింది. అక్కడి నుంచి ఇంజనుదాకా సన్నని రాగి గొట్టం, దాని చివర ఆవిరిగా మారే ద్రవం నింపిన చిన్న బుడ్డి వుండేవి. ఆ తర్వాత వచ్చింది విద్యుత్తు.

ఇప్పుడు మీటరు పని చేసే తీరు ఇది. ఇంజనుమీద, థర్మోస్టాటు దగ్గరలో, బొటనవేలంత సెన్సరు ఒకటి మరబిగించి వుంటుంది. దాని ముక్కు నీళ్ళలో మునిగి వుంటుంది. నీళ్ళు చల్లగా వున్నప్పుడు అది కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది. వేడెక్కినకొద్దీ అడ్డు తగ్గిస్తుంది. ఎక్కువ కరెంటు పారినకొద్దీ ముల్లు 'హెచ్' వైపుకు పోతుంది. సెన్సరు నుంచి మీటరుకు ఒకే ఒక్క తీగ. రెండో దారి ఇంజను ఇనుమే. దాన్నే మెకానిక్కులు 'ఎర్తు' అంటారు.

చాలా పాత కార్లలో ఇంకొక అంగం కూడా వుంది. బ్యాటరీ వోల్టేజి ఎప్పుడూ ఒక్కలా వుండదు. ఇంజను ఆగినప్పుడు పన్నెండు, నడిచేటప్పుడు పధ్నాలుగు దాకా పోతుంది. దానితోబాటే ముల్లు కూడా వూగకుండా డ్యాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెకన్న చిన్నదైన రేకు డబ్బా పెట్టేవారు. స్టెబిలైజరు అంటారు. అది కరెంటును తెంపుతూ, కలుపుతూ సగటున పది వోల్టులకు మించకుండా చూస్తుంది. హీటు మీటరుకూ, పెట్రోలు మీటరుకూ కరెంటు వెళ్ళేది ఈ ఒక్క డబ్బాలోంచే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

పెబ్బేరు దగ్గర

క్రిందటి వేసవిలో గద్వాలనుంచి నాగర్‌కర్నూలుకు బయల్దేరాం. మా మరదలి కూతురి పెళ్ళి. ముహూర్తం మర్నాడు పొద్దున ఏడున్నరకు. కారులో వెనక సీటులో మా అత్తగారు, పెళ్ళికూతురికి అమ్మమ్మ, ఎనభై దాటిన మనిషి. ఆవిడ పక్కన మా ఆవిడ. ముందు సీటులో మా బావమరిది, అంటే మర్నాడు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి ఎత్తుకు రావలసిన మేనమామ. డిక్కీలో గద్వాల పట్టంచు చీరల మూట. ఆ కారు ఆగిపోతే పెళ్ళిలో ఎన్ని ఖాళీలు పడతాయో మీరే లెక్క వేసుకోండి.

ఎర్రవల్లి చౌరస్తాలో బెంగుళూరు రోడ్డెక్కి, బీచుపల్లి ఆంజనేయస్వామికి కార్లోంచే దండం పెట్టి, కృష్ణ వంతెన దాటాం. అప్పటికి ముల్లు ఎప్పటిలాగా సగంలో వుంది. పెబ్బేరు వస్తూండగా మెల్లగా పాకడం మొదలెట్టింది. ముప్పాతిక దాటింది. ఇంకాస్త జరిగి ఎర్రగీతను తాకింది.

బండిని పక్కకు తీసి వేపచెట్టు కింద ఆపి, ఇంజను కట్టేశాను. ముల్లు మాట నిజమో అబద్ధమో తేలేదాకా నిజమనే అనుకోవాలి. ఇది మొదటి సూత్రం. నిజమని ఆగితే పోయేది అరగంట. అబద్ధమని సాగితే పోయేది ఇంజను.

బావమరిది అప్పటికే దిగి, తువ్వాలు తడిపి చేతికి చుట్టుకుని రేడియేటరు మూతమీదికి వెళ్తున్నాడు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"నీళ్ళున్నయో లేవో చూస్త బావా, వదులు!" అన్నాడు.

"రేపు గంప ఎత్తవలసిన చేతులివి. చల్లారేదాకా ఆ మూత ముట్టకు" అన్నాను.

మా అత్తగారు కార్లోంచే, "వాడు చిన్నప్పుడు గూడా గంతే, అల్లుడా. పాలు పొంగకముందే మూత తీసేటోడు" అన్నారు.

కాసేపు ఆగి బానెట్టు ఎత్తి చూశాం. ఆవిరి లేదు. కాగిన కూలెంటు వేస్తే వచ్చే తియ్యటి వాసన లేదు. పక్కన వుండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు గీతల మధ్యనే వున్నాయి, పొంగిన గుర్తు లేదు. ఫ్యాను బెల్టు బిగువుగా వుంది. కింద రోడ్డుమీద చుక్క తడి లేదు. జ్వరం నూట ఆరున్న పిల్లవాడు గోలీలాడుతున్నట్టే వుంది.

ఇంతలో దారిన పోయే ఒక కుర్ర మెకానిక్కు మోటారుసైకిలు ఆపి, ముల్లు చూసి, తల పంకించాడు. "హెడ్డు గ్యాస్కెట్ పోయినట్టుంది సార్. హెడ్డు దింపాలె. నాలుగు దినాలు పడ్తది" అన్నాడు. నాలుగు దినాలంటే పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళి తిరిగి కూడా వస్తుంది. బావమరిది మొహం వాడిపోయింది.

అప్పుడు మా ఆవిడ, తాళంచెవి తిప్పివుంచిన ఆ డ్యాష్‌బోర్డు వంకే చూస్తూ, "ఏమండీ, గద్వాలలో పెట్రోలు పోయించారా?" అని అడిగింది.

"లేదే. సగం ట్యాంకుంది గదా అని వచ్చేశాం."

"మరి ఇప్పుడు ముప్పాతిక చూపిస్తోందేం? బండి నడిస్తే పెట్రోలు తరుగుతుందిగాని పెరుగుతుందా?"

చూస్తే నిజమే. రెండు ముళ్ళూ కలిసి పైకెక్కి కూర్చున్నాయి. గ్యాస్కెట్ పోతే ఇంజను కాగవచ్చు. పెట్రోలు మాత్రం పుట్టదు. కాబట్టి తప్పు రెండు మీటర్లకూ ఉమ్మడిగా వున్నచోట వుండాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆ రేకు డబ్బా దగ్గర!

అయినా మాటమీద నమ్మి బయల్దేరలేదు. గంటన్నరపాటు నీడలో కూచున్నాం. ఇంజనుమీద చెయ్యి ఆనించి వుంచగలిగేటంత చల్లబడ్డాక మళ్ళీ తాళంచెవి తిప్పాం. సరైన మీటరైతే 'సి' దగ్గర వుండాలి. ఇది పాకుతూ పాకుతూ మళ్ళీ సగం దాటిపోయింది. అప్పుడు మూత తీసి చూస్తే రేడియేటరు నిండుగానే వుంది. ఇక అనుమానం లేదు. నెమ్మదిగా నడుపుతూ, రెండుసార్లు ఆగి నీళ్ళ డబ్బా చూసుకుంటూ వనపర్తి చేరాం.

వనపర్తిలో రాజావారి కోటలోనే 1959నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. ఆ ప్రభావమో ఏమో, ఆ వూళ్ళో యంత్రాన్ని ముందు ఆలకించి తర్వాత విప్పే మనుషులు ఇంకా వున్నారు. మాకు దొరికిన ముసలి మెకానిక్కు సంగతంతా విని, "హీటెక్కితే నీళ్ళు పొంగాలె గాని పెట్రోలు పొంగుతదా సార్?" అని నవ్వి, టార్చిలైటు నోట కరుచుకుని డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాడు. స్టెబిలైజరును బాడీకి బిగించే మర వదులై, దాని కింద తెల్లగా తుప్పు పట్టింది. ఎర్తు తెగిపోతే ఆ డబ్బా కరెంటును తెంపడం మానేస్తుంది. బ్యాటరీ బలమంతా నేరుగా మీటర్లకు పోతుంది. దారిలో గుంతలు ఆ వదులు మరను ఇంకాస్త కదిపివుంటాయి. ఉప్పుకాగితంతో రుద్ది మర బిగించాడు. రెండు ముళ్ళూ తగ్గి తమ తమ చోట్లకు వచ్చాయి. పట్టింది పదిహేను నిమిషాలు. చీకటిపడకముందే బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు చేరాం.

ఒక తీగ, రెండు పరీక్షలు

మా కారులో తప్పు స్టెబిలైజరుది. మీ కారులో మరొకటి కావచ్చు. కంప్యూటరు లేని పాత కారైతే ఎక్కడుందో తెలుసుకోవడానికి మంచి ఉపాయం వుంది. ఇంజను చల్లగా వుండగా చెయ్యాలి.

తాళంచెవి తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకుండా, సెన్సరు మీద వున్న తీగను వూడదీయండి. ముల్లు 'సి' కి పోవాలి. పోకుండా 'హెచ్' దగ్గరే నిలిచిందంటే, ఆ తీగ దారిలో ఎక్కడో తోలు వూడి బాడీకి తగులుతోందన్నమాట. లేదా మీటరే పట్టేసివుంటుంది.

రెండో పరీక్ష. వూడదీసిన తీగ కొసను ఇంజను ఇనుముకు రెండు మూడు సెకండ్లు ఆనించండి. ముల్లు 'హెచ్' వైపుకు బయల్దేరాలి. బయల్దేరగానే తీసెయ్యాలి, లేకపోతే మీటరు కాలుతుంది. ముల్లు కదలలేదంటే ఫ్యూజు పోయిందో, తీగ తెగిందో, మీటరు చచ్చిందో చూసుకోవాలి. రెండు పరీక్షల్లోనూ ముల్లు సరిగ్గా కదిలి, నడిచేటప్పుడు మాత్రం పిచ్చిలెక్కలు చెబుతోందంటే అనుమానం సెన్సరుమీదికి పోతుంది.

సెన్సరును వంటింట్లోనే పరీక్షించవచ్చు. అయితే వంటకు వాడే గిన్నె మాత్రం వద్దు. పాత డబ్బాలో నీళ్ళు పోసి, సెన్సరు ముక్కు ముంచి, మల్టీమీటరు తీగల్లో ఒకటి దాని తలకూ, ఒకటి ఒంటికీ తగిలించి, నీళ్ళు కాచండి. వేడెక్కినకొద్దీ ఓముల అంకె సాఫీగా దిగుతూ రావాలి. దిగకపోయినా, దిగుతూ దిగుతూ గెంతినా సెన్సరు మార్చవలసిందే. సాధారణంగా మొత్తం సరంజామాలో చవకైనది అదే. కొత్తది బిగించేటప్పుడు నీళ్ళు కారకుండా కుళాయిలకు చుట్టే తెల్ల టేపు దండిగా చుడుతుంటారు. ఎక్కువ చుడితే సెన్సరుకు ఇంజను ఇనుముతో స్పర్శ తెగిపోయి, కొత్త సెన్సరు కూడా తప్పుడు లెక్కే చెబుతుంది.

కొత్త కార్ల సంగతి వేరు. వాటిలో సెన్సరు మాట ముందు కంప్యూటరు వింటుంది. అది చెప్పమన్నదే ముల్లు చెబుతుంది. చాలా కార్లలో నీళ్ళ వేడి కొంత అటూ ఇటూ అయినా ముల్లును కావాలనే నడుమ నిలబెడతారు, చూసేవాడు కంగారు పడకుండా. కొన్ని చిన్న కార్లలో ముల్లే లేదు. చల్లగా వుంటే నీలం దీపం, కాగితే ఎర్ర దీపం, అంతే. ఇలాంటి బండ్లలో తీగ వూడదీసి ఇనుముకు ఆనించే పని చెయ్యవద్దు. స్కానరు పెడితే నీళ్ళ వేడి ఎన్ని డిగ్రీలో అంకెల్లో కనబడుతుంది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టి చూసిన తుపాకీ థర్మామీటరు మీ అలమారలో వుంటే అక్కడే వుండనివ్వండి. అది మనిషి జ్వరం వరకే లెక్క చెబుతుంది. ఇంజనుకు వర్క్‌షాపుల్లో వాడే రకం వేరే వుంది.

చల్లని అబద్ధం

ముల్లు పైకెక్కితే అందరూ చూస్తారు. అది కిందికి దిగితే ఎవరూ పట్టించుకోరు. అసలు ప్రమాదం అక్కడే వుంది.

నీళ్ళలో మునిగివుంటేనే సెన్సరు నీళ్ళ వేడి చెప్పగలదు. హోసు పగిలి నీళ్ళన్నీ కారిపోయాయనుకోండి. సెన్సరు ముక్కు గాలిలో వేలాడుతుంది. ఒకవైపు ఇంజను కాలిపోతూ వుంటుంది. ఇంకోవైపు ముల్లు హాయిగా 'సి' వైపుకు జారుతుంది. "అమ్మయ్య, తగ్గింది" అని సంతోషించి ఇంకో పది కిలోమీటర్లు నడిపితే ఆ ఇంజను ఇక బాగు చేయించడానికి కూడా పనికిరాకపోవచ్చు. నిండు వేసవిలో, ఎత్తు ఎక్కుతూ వుండగా ముల్లు హఠాత్తుగా పడిపోయిందంటే అది శుభవార్త కానే కాదు. వెంటనే ఆగి నీళ్ళు చూసుకోవలసిన ఘడియ.

గంటసేపు నడిచినా ముల్లు ఎప్పుడూ 'సి' ని వదలకపోవడానికి మరో కారణం కూడా వుండవచ్చు. థర్మోస్టాటు తలుపు తెరిచే పట్టేసివుంటుంది. లేదా ఏ మెకానిక్కో "మన ఎండలకు ఇదెందుకు సార్" అని దాన్ని తీసి పారేసివుంటాడు. ఎండాకాలం గడిచిపోతుందిగాని, ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువవుతుంది. తలుపు మూసుకుని పట్టేస్తే మాత్రం ఇంజను నిజంగానే కాగుతుంది. అప్పుడు రేడియేటరు పై హోసు కాలిపోతూ, కింది హోసు చల్లగా వుంటే అనుమానం దానిమీదే పెట్టుకోవచ్చు.

నిజంగా కాగినప్పుడు

ముల్లు మాట నిజమైన రోజున ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసి వుండాలి, నడిపేవారికి ఒక్కరికే తెలిస్తే చాలదు.

ఏసీ వుంటే ఆపండి. ఆగడానికి చోటు దొరికేదాకా హీటరు పూర్తిగా తిప్పండి. నలభై మూడు డిగ్రీల ఎండలో హీటరేమిటని నవ్వకండి. హీటరు కూడా చిన్న రేడియేటరే. ఇంజను వేడిని కొంత లోపలికి లాగుతుంది. మనకు చెమటలు పడతాయి, ఇంజను బతుకుతుంది. చోటు దొరకగానే ఆపి, ఇంజను కట్టెయ్యండి.

రేడియేటరు మూత సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ప్రెషర్ కుక్కరు వున్న ప్రతి ఇంట్లోనూ ఈ శాస్త్రం తెలుసు. ఒత్తిడిలో నీళ్ళు నూరు డిగ్రీలకు మరగవు. చాలా కొత్త కార్లలో సుమారు నూట ఇరవై దాకా మరగకుండా ఆగుతాయి. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోయి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిరై మీదికి చిమ్ముతాయి. మొహం, చేతులు కాలతాయి. కళ్ళు కూడా పోవచ్చు. ఉడుకుతున్న కుక్కరు మూత ఏ ఇల్లాలూ తీయదు. రేడియేటరు అంటే విజిలు లేని కుక్కరనుకుంటే చాలు. హోసు చేత్తో నొక్కితే మెత్తగా లొంగి, ఇంజను చల్లారాకనే మూత తీయాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించినా ముప్పే. వేడి గాజుగ్లాసులో చన్నీళ్ళు పోసినట్టు లోహం పగలవచ్చు.

చల్లారాక వరసగా చూడండి. నీళ్ళు తగ్గాయా? తగ్గితే ఎక్కడ కారుతున్నాయి? బెల్టు వుందా? ఫ్యాను తిరుగుతోందా? రేడియేటరు రెక్కల్లో దుమ్ము, పురుగులు అడ్డంపడ్డాయా? గద్వాల వైపు విత్తనాల పత్తి పండించే వూళ్ళలో పంట కాలంలో దూదిపింజలు కూడా చేరుతుంటాయి. ఆయిలు మూత తీస్తే అడుగున పాలమీగడలాంటి తెట్టు కనిపించినా, సైలెన్సరులోంచి తెల్లటి పొగ ఆగకుండా వచ్చినా, రేడియేటరులో బుడగలు వస్తూనే వున్నా అప్పుడు గ్యాస్కెట్ మాట నిజమే కావచ్చు. ఇంకా నడపవద్దు. లారీమీద ఎక్కించి తీసుకుపోవడమే చవక.

దారిలో ప్రాణంమీదికి వస్తే ఏ నీళ్ళయినా పోయవచ్చుగాని, ఇంటికి రాగానే మార్పించెయ్యాలి. మా వైపు బోరునీళ్ళు కాచే కాగు అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో చూసేవుంటారు. రేడియేటరు సన్నగొట్టాల్లోనూ అదే కడుతుంది. కూలెంటు, శుద్ధిచేసిన నీళ్ళు కంపెనీవారు చెప్పిన పాళ్ళలో కలిపి పోయాలి. మామూలుగా దొరికే కూలెంటులో వుండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా వుంటుంది, లోపలికి పోతే విషం. రంగు చూసి షర్బతనుకునేటట్టుంటుంది గనుక పిల్లలకు అందేచోట పెట్టకండి, తాగే సీసాల్లో పోసి వుంచకండి. నేలమీద ఒలికితే కడిగెయ్యండి, కుక్కలు నాకుతాయి.

డిక్కీలో అయిదు లీటర్ల నీళ్ళు, ఒక ఫ్యాను బెల్టు, రెండు ఫ్యూజులు, మందపాటి గుడ్డ, టార్చిలైటు వుంచుకుంటే వేసవి ప్రయాణానికి చాలావరకు ధైర్యంగా వుంటుంది. నెలకొకసారి, బండి చల్లగా వున్న పొద్దుటిపూట, నీళ్ళ డబ్బాలో మట్టం చూసే పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి. మట్టం మాటిమాటికీ తగ్గుతోందంటే ముల్లు చెప్పకముందే వాళ్ళు చెబుతారు.

నాగర్‌కర్నూలుకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథల్లో ఒకటి బండివాళ్ళ కథ. దూరం పోయే ఎడ్లబండ్లు అక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవట. ఆ కందెన పేరే వూరికి మిగిలిందంటారు. తుంగభద్ర అవతల కర్నూలుకూ ఇదే కథ చెబుతారు. అలంపురం గుడికి రాళ్ళు మోసే బండ్లు ఏరు దాటేముందు కందెన వేసుకున్నచోటు కందెనవోలు అయిందని. చరిత్రకారులు ఏమంటారో వారికి వదిలిపెడదాం. ఆ బండివాళ్ళకు మీటర్లు లేవు, ముళ్ళు లేవు. ఇరుసు కిర్రుమన్న చప్పుడు చెవిన పడగానే బండి ఆపేవారు. దిగి, చెయ్యి పెట్టి చూసేవారు. తర్వాతే ముందుకు కదిలేవారు. ఇప్పుడు మనకు చెవికి బదులు కంటికి కనిపించే ముల్లు వచ్చింది. ఆగటం, దిగి చూడటం మాత్రం ఇంకా మన చేతిలోనే వున్నాయి.